స్తరా కాదు, స్తర్షీ

చెక్ దేశంలోని బ్రనో నగరం నడిబొడ్డున జెల్నీ త్ర్ఖ్ అనే పాత కూరగాయల బజారు ఉంది. చెక్ నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి బడి లేదంటాను. బంగాళదుంపల బుట్ట ముందు నిలబడి ‘మాతే మెన్షీ?’ అనండి. ఇంతకంటే చిన్నవి ఉన్నాయా అని అడిగినట్టే. అమ్మే ఆవిడ వెనకున్న సంచి మూతి విప్పి, వేపుడుకి సరిపోయే చిట్టి దుంపలు చూపిస్తుంది.

తెలుగులో పోలిక చెప్పాలంటే విశేషణాన్ని ముట్టుకోం. ‘బ్రనో కంటే ప్రాగ్ పెద్దది’ అంటే సరి, పనంతా ‘కంటే’ చూసుకుంటుంది. చెక్‌లో ‘కంటే’కి ‘నెష్’ ఉంది, అయినా విశేషణం రూపు మారాల్సిందే. కొత్త అంటే ‘నొవీ’, ఇంకా కొత్త అంటే ‘నొవ్యెయ్షీ’. దాని ముందు ‘నెయ్’ చేరిస్తే అన్నిటికన్నా కొత్తది. రోజూ నోట్లో నలిగే మాటలే ఈ దారికి రావు. మంచి ‘దొబ్రీ’, ఇంకా మంచి ‘లెప్షీ’. పెద్ద ‘వెల్కీ’, ఇంకా పెద్ద ‘వ్యెత్షీ’. చెడ్డ ‘ష్పత్నీ’, మరీ చెడ్డ ‘హోర్షీ’. వీటిని బట్టీ పట్టాల్సిందే. ఒక ఊరట ఉంది. లింగాన్ని బట్టి వెల్కీ, వెల్కా, వెల్కే అని మారే మాట పోలికకు వచ్చేసరికి ఇల్లయినా, పుస్తకమైనా, ఊరైనా వ్యెత్షీయే. విభక్తులు చేరితే సంగతి వేరు.

నాకు ఈ భాష మీద ప్రేమ పుట్టించింది మాత్రం ‘స్తర్షీ’. ‘స్తరీ’ అంటే ముసలి. వ్యాకరణం ప్రకారం స్తర్షీ అంతకంటే ముసలి కావాలి. ‘పన్యీ’ అంటే ఆవిడ, ‘స్తరా’ అనేది స్తరీకి స్త్రీలింగ రూపం. కానీ ‘స్తర్షీ పన్యీ’ అంటే ‘స్తరా పన్యీ’ కంటే వయసులో చిన్నావిడ! అక్కడ ఎవరితోనూ పోలిక లేదు. ముసలితనం అనే మాటకు పదును తగ్గించారు, అంతే. మనం ముసలావిడ అనలేక పెద్దావిడ అంటామే, ఆ మర్యాదే ఇది. దాన్ని వీళ్లు ఏకంగా వ్యాకరణంలోనే పెట్టుకున్నారు.

ఇక్కడ శాశ్వత నివాసం కావాలంటే 2021 సెప్టెంబరు నుంచి ఏ2 స్థాయి చెక్ పరీక్ష రాయాలి. దానికోసం ఈ పట్టికలన్నీ ఎలాగూ చదువుతారు. కొత్తగా వచ్చిన మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: పరీక్ష దాకా ఆగకండి. పక్కింటి పెద్దావిడ గురించి మాట్లాడాల్సి వస్తే ఈరోజే ‘స్తర్షీ పన్యీ’ అనండి.