మూడు ప్రేమకథలు, మా అమ్మమ్మ

మాది బిస్సమ్ కటక్. గడప దాటితే ఒడియా, సంతలో కువి, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం నాకు వచ్చు గానీ పాఠ్యపుస్తకం దాటి ఎప్పుడూ చదవలేదు. పోయిన వేసవిలో పార్వతీపురం నుంచి అమ్మమ్మ వచ్చింది. కళ్ళలో శుక్లాలు, సంచిలో రెండు పాత నవలలు. "అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తన్నాయే, నువ్వు చదివి పెట్టు" అంది.

నాన్న వినేసి, "పదో తరగతి పిల్లకి ప్రేమ నవలలేటి?" అన్నారు. "ప్రేమ సంగతి తర్వాత బాబూ, ముందు దానికి తెలుగు నోట్లో తిరగనీ" అంది అమ్మమ్మ.

మొదట యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. 1976లో సినిమాగా కూడా వచ్చింది. ఇది మామూలు మనుషుల ప్రేమ. జయంతి ఉద్యోగం చేసుకునే అమ్మాయి, రాజశేఖరం బాగా డబ్బున్నవాడు. జయంతి ఆత్మాభిమానం నాకు చాలా నచ్చింది. రాజశేఖరం మాత్రం మరీ కలలోని మనిషిలా ఉన్నాడు. అలాంటివాడు మా ఊరి స్టేషన్లో ఏ రైలు దిగగా నేను చూడలేదు!

రెండోది అడివి బాపిరాజు గారి 'హిమబిందు'. శాతవాహనుల కాలం నాటి కథ. మాటలు కష్టం, మొదటి రోజు నాలుగు పేజీలే నడిచాయి. బాపిరాజు గారు చిత్రకారుడు కూడా, అందుకేనేమో వర్ణనలు బొమ్మల్లా ఉంటాయి, కొన్నిచోట్ల ఎక్కువయ్యాయి కూడా. హిమబిందు కన్నా నాకు విషబాలిక గుర్తుండిపోయింది. శత్రువును చంపడానికి చిన్నప్పటి నుంచి విషం అలవాటు చేసి పెంచిన పిల్ల. అలాంటి పిల్లకీ మనసుంటుందని చదివి గొంతు పట్టేసింది. చదవడం ఆపేశాను. అమ్మమ్మా మాట్లాడలేదు.

మూడోది పుస్తకం చూసి చదవలేదు, మా తెలుగు మాస్టారు చెప్పారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన 'కళాపూర్ణోదయం'. ఇది మాయల ప్రేమకథ. కలభాషిణి రంభ రూపం తెచ్చుకుంటుంది, మణికంధరుడు నలకూబరుడి రూపం తెచ్చుకుంటాడు. ఇద్దరూ వేరే ముఖాలతో కలుస్తారు. ఆ కథ అమ్మమ్మకి చెప్పి, "వేరే ముఖాన్ని చూసి ఇష్టపడితే అది ప్రేమేనా?" అని అడిగాను.

అమ్మమ్మ కాసేపు ఆగి, "అందుకే నాకు జయంతే ఇష్టం. దాని ముఖం దానిదే" అంది. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. ఏడో తరగతితో చదువు మాన్పించేశారట. పెళ్ళయ్యాక కూరల డబ్బుల్లో మిగిల్చి, అద్దె పుస్తకాల కొట్టు నుంచి నవలలు తెచ్చుకుని, అందరూ పడుకున్నాక చదివేదట. "రాజశేఖరం కోసమా అమ్మమ్మా?" అని నవ్వాను. "కాదే, అది నెల జీతం తెచ్చుకుంది కదా, అందుకు."

నాకు నవ్వు ఆగిపోయింది. పక్క గదిలో పేపరు చదువుతున్న నాన్న కూడా పేజీ తిప్పలేదు.

ఆ రాత్రి నాన్నే అన్నారు: "ఆ విషబాలిక ఏమైందో మిగతాది చదువమ్మా, నేనూ వింటాను."

అమ్మమ్మకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు తనే చదువుకోగలదు. అయినా ఫోన్ చేసి, "ఈసారి ఏ నవల తేనే?" అని నన్నే అడుగుతోంది.