తలుపు లోపలి తుప్పు



మన సంఘం పాత వ్యాను మీకు తెలుసు. పోయిన నెల ఉపవాస కూడికకు పెద్దవాళ్లను తీసుకొస్తూ, బండి నడిపే మన యవనస్తుడు గేటు స్తంభానికి తగిలించాడు. నెమ్మదిగానే తగిలింది గాని, ఎడమ డోరు కిందంతా సొట్టపోయింది. నేను అందరి ముందూ గద్దించాను. అతడు తల వంచుకుని, తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. ఫోన్ చేసి, "సరేలే, మనసులో పెట్టుకోకు" అన్నాను. నేనేదో క్షమించినట్టు!

టింకరింగ్ షెడ్డులో మేస్త్రీతో, "పైన పుట్టీ పెట్టి రంగు కొట్టెయ్యండి, చాలు" అన్నాను. ఆయన వినలేదు. స్క్రూలు తీసి, లోపలి డోర్ ప్యాడ్ ఊడదీసి, టార్చి వేసి చూపించాడు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకు అప్పడంలా విరిగింది.

"అయ్యగారూ, అద్దం పక్కనుంచి వాన నీళ్లు డోరులోకి దిగడం మామూలే. అవి పోవడానికి అడుగున బెజ్జాలుంటాయి. మీ బండికి అవన్నీ మట్టితో పూడిపోయాయి. నీళ్లు నిలిచి రేకును లోపల్నుంచి తినేశాయి. గట్టి రేకైతే ఆ దెబ్బకు ఇంత సొట్ట పడదు. శుభ్రం చేసి ఎన్నాళ్లయింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ బండి బాగోగులు చూడవలసింది నేనే.

తుప్పు మీద పెట్టిన పుట్టీ కొన్నాళ్లకే పొంగి ఊడిపోతుందన్నాడు. డోరు ఫ్రేము బాగానే ఉంది కాబట్టి మొత్తం మార్చనక్కర్లేదట. తుప్పు పట్టిన మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ పూశాడు. ఆ తరువాతే పల్చగా పుట్టీ, ఆఖరున రంగు. మూడు రోజులు పట్టింది.

నిలవని గోడకు పైపూత పూసినవారి సంగతి యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ఉంది. దాని మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. నా ఫోన్ మాట కూడా అలాంటి పూతేనని ఆ షెడ్డులో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం అతని ఇంటికి వెళ్లాను. "తప్పు నాది బాబూ, క్షమించు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అందరి ముందూ అన్నారు కదా, అయ్యగారూ" అన్నాడు.

అందుకే ఇది అందరి ముందూ రాస్తున్నాను. ఆ రోజు నా మాట విన్న ప్రతివారూ ఈ మాట కూడా వినాలి: తప్పు అతనిది కాదు, నాది.

వ్యాను తాళం ఇంకా నా దగ్గరే ఉంది. అతని కోసం ప్రార్థించండి, నా కోసం కూడా. బండి ఉన్నవాళ్లు వానలకు ముందే డోరు అడుగు బెజ్జాలు పుల్లతో శుభ్రం చేసుకోండి. పైపూతతో సరిపెట్టిన మాట ఏదైనా మీ ఇంట్లో ఉంటే, దాన్నీ ఈ వారమే విప్పి చూడండి.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.