పలకల ఊరిలో పాటల తెర

గడచిన అక్టోబరు మాసములో మేము ముగ్గురము ఒంగోలు నుండి పడమటి పల్లెలకు ఒక వింత సరుకుతో ప్రయాణమయ్యాము. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక చిన్న ప్రొజెక్టరు, గోనెసంచిలో చుట్టిన తీగలు, మడతపెట్టిన తెల్లని దుప్పటి. ఆరాధనలో పాటల మాటలు గోడమీద కనబడేటట్లు, పాడేవారి ఎదుట మరొక చిన్న తెరమీద కూడ కదిలేటట్లు ఏర్పాటు చేసి పెట్టమని మూడు సంఘములవారు మమ్మును పిలిచారు. ఆ ప్రయాణములో మేము నేర్పింది కొంచెము, నేర్చుకొన్నది ఎక్కువ.

బస్సు చీమకుర్తి గ్రానైటు గుట్టలు దాటి పొదిలి మీదుగా వెళ్లింది. పొదిలి దాటిన తరువాత నేల రంగు మారుతుంది. కంది చేలు, మధ్య మధ్య బత్తాయి తోటలు, ఎండిన వాగులు. మార్కాపురము చేరేసరికి రోడ్డు ప్రక్కన నల్లగా, బూడిదరంగుగా పలకరాళ్ల దొంతరలు కనబడ్డాయి. మనలో చాలమంది అ ఆ లు దిద్దుకొన్న పలకలు ఈ నేలలోనుండి వచ్చినవే. ఇప్పుడు ఆ రాయిని ఇండ్ల గోడలకు, నేలకు పరిచే బండలుగా ఎక్కువగా కోస్తున్నారు. బడిపిల్లల చేతిలో పలక తగ్గిపోయింది. ఆ ఊరికి మేము వెలుగుతో వ్రాసే మరొక పలకను తీసికొని వెళ్తున్నాము గదా అని నవ్వుకొన్నాము.

మేము మొదట దిగినది మార్కాపురానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె. అక్కడ నలభై ఏండ్లుగా పాటలు ఎత్తుకొనేది ఒక పెద్దాయన. ఆయన ఎక్కువ చదువుకోలేదు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో వందకు పైగా ఆయనకు నోటికి వచ్చును. పాదము ఆయన ముందు చెప్పును, సంఘము వెనుక అందుకొనును. చదువురాని విశ్వాసులు నిండిన మన సంఘములు పాట నేర్చుకొన్నది ఈ పద్ధతిలోనే. క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చినది 1866లో. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో పుస్తకము చదువగలిగినవారు కొద్దిమందే. పాటే వారికి పుస్తకము.

సాయంత్రము దుప్పటి కట్టి, ల్యాప్‌టాప్ తెరిచాము. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. సంఘపు యువకులు ఎవరో డి.టి.పి. చేసిపెట్టిన పాటల ఫైలు ఇచ్చారు. అది పాత అను ఫాంటులో ఉన్నది. దానిని మా ప్రోగ్రాములో పెట్టగానే తెలుగు మాయమై, అర్థము లేని ఇంగ్లీషు అక్షరాలు గుంపుగా నిలబడ్డాయి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములోనే తెలుగు బొమ్మలు పెట్టుకొని పనిచేస్తాయి. ఈనాటి కంప్యూటర్లు, ఫోన్లు చదివేది యూనికోడ్ తెలుగు. మార్పిడి చేసే సాధనములు ఉన్నవి గాని, వత్తులు, సున్నలు అక్కడక్కడ తప్పుతాయి. రెండు గంటలు కూర్చుండి, ముద్రిత పుస్తకము ప్రక్కన పెట్టుకొని ఒక్కొక్క పాదము సరిచూచుకొన్నాము.

రెండవ చిక్కు మా తెలివితక్కువతనము. టెలివిజన్‌లో వార్తలు చదివేవారి ముందు మాటలు పైకి జరుగుతూ ఉండే యంత్రము 1950లో అమెరికాలో పుట్టినది. అందులో మొదట కాగితపు చుట్టే తిరిగేది. అదే పద్ధతిలో మాటలు ఒకే వేగముతో పైకి జరిగేటట్లు మేము ఏర్పాటు చేశాము. వార్తలు ఒకసారి చదివితే చాలును. కీర్తన అట్లు కాదు. పల్లవి ఉన్నది, అనుపల్లవి ఉన్నది, ప్రతి చరణము తరువాత మరల పల్లవికి రావాలి. పైగా పెద్దాయన మనస్సు కరిగినచోట అదే పాదమును మూడుసార్లు పాడతారు.

ఆ రాత్రి కూడికలో అదే జరిగింది. రెండవ చరణములో ఆయన కన్నులు మూసికొని ఒక పాదమును మరల ఎత్తుకొన్నారు. తెరమీది మాటలు మాత్రము ఆగలేదు. యౌవనస్థులు తెరను చూచి మూడవ చరణములోనికి వెళ్లిపోయారు. స్త్రీలు పెద్దాయనతో నిలిచారు. గుడి రెండుగా చీలినట్లు రెండు పాటలు వినబడ్డాయి. ఆయన కన్నులు తెరిచి, ఒక్క క్షణము గోడవైపు చూచి, నోరు మూసికొని కూర్చున్నారు. తరువాతి పాట ఆయన ఎత్తుకోలేదు.

భోజనము దగ్గర ఆయనను క్షమించమని అడిగాము. ఆయన కోపపడలేదు. జొన్నరొట్టె తుంచుకొంటూ, "ఇన్నాళ్లు నేను ముందు పాడితే వాళ్లు వెనక పాడినారు. ఈ పొద్దు ఆ గోడ ముందు పాడింది నాయనా. ఇంక నాతో పనేముంది?" అన్నారు. ఆ మాట మమ్మును చాల బాధించింది. ఆ రాత్రి ముగ్గురిలో ఎవ్వరికిని సరిగా నిద్రపట్టలేదు.

మరునాడు మార్కాపూర్ రోడ్ స్టేషనులో రైలెక్కి, తర్లుపాడు మీదుగా కంభము చేరాము. పని మొదలుపెట్టక ముందు చెరువు చూడబోయాము. విజయనగర రాజుల కాలములో గుండ్లకమ్మకు అడ్డముగా, రెండు కొండల నడుమ కట్టిన కట్ట అది. లోకమందలి ప్రాచీన నీటిపారుదల కట్టడములలో ఒకటిగా 2020లో దీనికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది. ఇక్కడ ఆగిన ఈ నదియే క్రిందికి సాగి వెల్లంపల్లిని దాటి సముద్రములో కలియును. కట్టమీద నిలిచి మాలో ఒకరు, "నీటిని తోసేది కట్ట కాదు, తూము తెరిచేవాడు పొలమును చూచి తెరుస్తాడు" అన్నారు. మా తప్పు ఎక్కడున్నదో అప్పుడు అర్థమయ్యింది. మాటలు కదలవలసినది గడియారమును బట్టి కాదు, పాడేవానిని బట్టి.

కంభములో పద్ధతి మార్చాము. ఓపెన్‌ఎల్‌పి అనే ఉచితమైన ప్రోగ్రామును తీసికొన్నాము. సంఘముల ఆరాధనకొరకే స్వచ్ఛందముగా పనిచేసేవారు దానిని తయారుచేస్తున్నారు. అందులో పల్లవిని ఒకసారి, చరణములను విడివిడిగా వ్రాసిపెట్టి, వరుస మాత్రము చెప్పవచ్చును: పల్లవి, మొదటి చరణము, పల్లవి, రెండవ చరణము, ఈ రీతిగా. పాడేవారు వెనుకకు వెళ్తే ఒక్క మీట నొక్కి మనమును వెనుకకు వెళ్లవచ్చును. సంఘమునకు గోడమీద నాలుగు పాదములు కనబడుచుండగా, పాడేవారి ముందున్న ఫోనులో ఇప్పటి మాటలు, రాబోవు మాటలు రెండును కనబడతాయి. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. ల్యాప్‌టాప్, ఫోను ఒకే వైఫై పెట్టెకు కలిపి ఉంటే చాలును.

మరికొన్ని చిన్న సంగతులు కూడ అక్కడే తెలిసికొన్నాము. తెలుగు అక్షరములకు క్రింద వత్తులు వ్రేలాడును గనుక పాదముల మధ్య ఎడము ఇంగ్లీషుకంటె ఎక్కువ ఉంచాలి, లేకపోతే పై వత్తు క్రింది గుడితో కొట్టుకొనును. మండలి వంటి సాదా ఫాంటు వెనుక బెంచీ వరకు తెలిసింది. నల్లని తెరమీద తెల్లని అక్షరములు కన్నులకు హాయి. వెనుక పూలు, జలపాతముల బొమ్మలు వద్దు. ఉదయము పదకొండు గంటల ఎండ కిటికీలలోనుండి పడే గుడిలో ప్రొజెక్టరు వెలవెలపోవును, అక్కడ టి.వి. మేలు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో నడుచును గాని ప్రొజెక్టరు నడువదు, ఇన్వర్టరు కావలెను. పురుషోత్తమ చౌదరిగారి వంటి పూర్వికుల కీర్తనలకు అడ్డు లేదు, వారు 1890లోనే ప్రభువునొద్దకు వెళ్లారు. ఈనాటి రచయితల పాటలను మాత్రము వారి అనుమతితోనే ఎక్కించుకొనుట న్యాయము.

గిద్దలూరులో మాకు అసలైన పాఠము దొరికింది. నల్లమల నీడలోని ఆ ఊరు, మార్కాపురము, రెండును 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. అక్కడి మాటలో ఆ యాస ఇప్పటికిని తియ్యగా వినబడును. మీట నొక్కడానికి కంప్యూటరు కోర్సు చదివిన అబ్బాయిని కూర్చోబెట్టాము. అతనికి యంత్రము తెలుసు, పాట తెలియదు. ప్రతిసారి సగము పాదము ఆలస్యము. వెనుక కూర్చున్న ఒక అవ్వ ఉండబట్టలేక లేచివచ్చి అతని ప్రక్కన పీటమీద కూర్చున్నది. ఆమెకు ఒక్క అక్షరము రాదు. కాని పాట మలుపు తిరిగేచోట అతని భుజముమీద తట్టేది. ఆమె తట్టగానే అతడు నొక్కాడు. ఆ పూట ఒక్క తప్పును జరగలేదు. "చదివేది నువ్వు, చెప్పేది నేను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి గదరా!" అని ఆమె నవ్వింది.

శనివారము మేము మరల మొదటి పల్లెకు వెళ్లాము. పిలిచినందుకు కాదు, సరిచేయవలసిన బాధ్యత మాదే గనుక. పెద్దాయన ఇంటికి వెళ్లి, "అయ్యా, మీట నొక్కే పిల్లను మీ ఎదురుగా కూర్చోబెడతాము. ఆమె గోడను చూడదు, మీ చేతిని చూస్తుంది" అని చెప్పాము. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "అట్లయితే ఒక మాట. ప్రతి ఆదివారము ఒక పాటకు ఆ దీపము ఆర్పాల. పిల్లోళ్లు గుండెలో కూడ కొన్ని దాచుకోవాల" అన్నారు. సంఘమువారు ఒప్పుకొన్నారు.

ఆదివారము ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నది. పెద్దాయన చెయ్యి పైకి లేస్తే పల్లవి, చెయ్యి నిలిస్తే అదే పాదము. ఆయన ఒకచోట నాలుగుసార్లు పాడారు. తెర నాలుగుసార్లును ఆయనకొరకు ఆగింది. హైదరాబాదులో, బెంగుళూరులో పనులు చేసికొంటూ సెలవులకు వచ్చిన యౌవనస్థులు, పాటలు మరచిపోయినవారు, ఆ రోజు నోరు తెరిచి పాడారు. చివరి పాటకు దీపము ఆర్పారు. వారిలో సగముమంది తడబడ్డారు. పెద్దాయన పాదము ముందు చెప్పి, వారు అందుకొనేవరకు ఓపికగా నిలిచారు.

పాడునప్పుడు ఆత్మతోపాటు మనస్సును పాల్గొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసియున్నాడు గదా (1 కొరింథీ 14:15). కన్ను కనబడనివారికి పెద్ద అక్షరము, మరచినవారికి జ్ఞాపకము, క్రొత్తవారికి ధైర్యము ఇచ్చునంతవరకు ఈ తెర మంచి సేవకుడే. మీ సంఘములో ఇట్టి ఏర్పాటు చేసికొనదలచినయెడల యంత్రము కొనకముందు ఒక పని చేయండి. మీ గుడిలో పాట ఎత్తుకొనే ఆ వృద్ధుని, ఆ అవ్వను ముందుగా అడగండి. వారి ప్రక్కన ఒక కుర్చీ వేయండి. మీట నొక్కే బిడ్డను అక్కడ కూర్చోబెట్టండి.