అరగంట సిలిండరు

మూసీ మీది నురగ గురించి రాయమన్నారు సంపాదకులు. నురగ ఫోటో ఎవరైనా తీస్తారు. అది విరిగే చోటు చూద్దామని నగర శివారులోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్లాను. ఇంజినీరుగారు గోడ మీది పటం ముందు నిలబెట్టి బాణం గుర్తుల వెంట నడిపించబోయారు. నా చూపు మాత్రం ల్యాబులో లీటరు సిలిండరు పట్టుకున్న ఆపరేటరు చేతుల దగ్గరే ఆగిపోయింది.

గాలి కొట్టే ట్యాంకులోంచి ముంచి తెచ్చిన నీళ్లు అందులో పోసి, కదలకుండా బల్ల మీద పెట్టాడు. అరగంట ఆగాలి. మడ్డి మెల్లగా అడుగుకు దిగుతుంటే పైన నీళ్లు తేరుకున్నాయి. సిలిండరు మూతి దగ్గర వాసన చూశాడు. "తొలకరి మట్టి వాసన రావాలె సార్. కుళ్లు వాసనొస్తే కల్చర్‌కి గాలి సాల్త లేదన్నట్టు."

కల్చర్ అంటే ఇక్కడ బాక్టీరియా. కేంద్రం కొత్తలో పేడ కలిపి పెంచారట. అది ముదిరేదాకా ట్యాంకు నిండా తెల్ల నురగేనట. జిడ్డుగా గోధుమరంగు నురగ వస్తే రోగం వేరు, అదీ చూపుతోనే చెప్తాడు. మైక్రోస్కోపు బల్బు పోయి నాలుగు నెలలైంది మరి.

బట్టలపొడిలో మురికి వదిలించే, నురగ కట్టే సరుకును చిన్న కార్ఖానాల్లో యాసిడ్ స్లర్రీ అంటారు. ఒక బెంజీన్ వలయం, దానికి పది నుంచి పదమూడు కార్బన్ల తిన్నని తోక. బాక్టీరియా ముందు తోక కొసను ఆక్సిజన్‌తో మెత్తబరుస్తుంది. ఆ తర్వాత చెరుకుగడ నమిలినట్టు రెండేసి కార్బన్లు తెంచుకుంటూ పోతుంది. తోక పొట్టిదైతే చాలు, నురగ కట్టే గుణం పోతుంది. జర్మనీలో దొరికిన పార్విబాకులం లావమెంటివోరాన్స్ అనే బాక్టీరియా తోక తిని వలయాన్ని వదిలేస్తుంది. దాన్ని విప్పే వంతు డెల్ఫ్టియా, కోమమోనాస్ వంటివాటిది. ఎంగిలి పట్టింపు వీటికి లేదు.

1950ల్లో ఆ తోక కొమ్మలు కొమ్మలుగా ఉండేది. కొమ్మ దగ్గరికొచ్చేసరికి కొరుకుడు ఆగిపోయేది. యూరప్, అమెరికా నదుల మీద నురగ గుట్టలు లేచాయి. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం తెచ్చింది. అమెరికా కంపెనీలు 1965లో తిన్నని తోకకు మారాయి. సూక్ష్మజీవి నోటికి తగ్గట్టు మనిషి తన సరుకు మార్చుకున్నాడు! ఇలాంటివి ఎన్ని జరుగుతాయి?

మరి బెంగళూరు బెళ్లందూరు చెరువు, ఢిల్లీ యమున, మన మూసీ ఎందుకు నురగలు కక్కుతున్నాయి? సరుకు మారినా గాలి అందలేదు. మొదటి కొరుక్కే ఆక్సిజన్ కావాలి. నేరుగా ఏట్లోకి వదిలిన మురుగులో అది మిగలదు. గాలాడని బురదలో తోక చెక్కుచెదరదు. నురగ కనబడగానే సబ్బుపొడిని తిడతాం, పరిశ్రమల్ని తిడతాం. తిట్టవలసినవాళ్లే అనుకోండి. కాలువ నుంచి ట్యాంకుదాకా వేయని పైపును మాత్రం ఒక్కరూ తిట్టరు. ట్యాంకుకు గాలి కొట్టే బ్లోవరు కరెంటు బిల్లు మీద జరిగినంత చర్చ అది పోసే ఊపిరి మీద నేనెక్కడా వినలేదు.

అరగంట అయింది. మడ్డి ఎంత దిగిందో పుస్తకంలో రాసుకుని, ఆపరేటరు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. సింకు నిండా నురగ.

"ఇదీ మన ట్యాంకుకే పోతది సార్" అన్నాడు.