ఊట తేటగా ఉందా?

నీటిపారుదల శాఖలో నా ఉద్యోగమంతా వరంగల్ వైపు చెరువుల మీదే గడిచింది. కొలతలు కాలేజీలో నేర్చుకున్నాను, చెరువును చూడటం మాత్రం నీరడులు నేర్పారు. తూము ఎత్తి దించడం, మడిమడికీ వంతు ప్రకారం నీళ్లు పారించడం, వానాకాలమంతా కట్టను కనిపెట్టుకుని ఉండటం తరతరాలుగా వాళ్ల పని. కూలి కల్లం దగ్గర ధాన్యంగా ముట్టేది.

ఒక ఏడు ముసురు పట్టి చెరువు మత్తడి దుంకుతోంది. కట్ట వెనక, అడుగున ఊట కనిపించింది. ముసలి నీరడి వంగి ఆ నీళ్లు దోసిట పట్టి చూశాడు. "సారూ, ఊట తేటగ ఉంటె భయం లేదు. మడ్డిగ వస్తే లోపల కట్ట మట్టి కొట్టుకపోతున్నట్టే" అన్నాడు. నీళ్లు మడ్డిగానే ఉన్నాయి. బంకమట్టితో మూయనివ్వలేదు తాత. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాళ్లు పరిపించాడు. నీళ్లు బయటికి పోవాలి, మట్టి లోపలే నిలవాలి. మా పుస్తకాల్లో ఫిల్టర్ అని రాసింది సరిగ్గా ఇదే. తెల్లారేసరికి ఊట తేటపడింది.

2015లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేయాలన్నది సంకల్పం. తవ్విన పూడికను రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి ఎర్ర చెలకలకు తోలుకున్నారు. ఒండ్రు పడ్డ చెలకలో తడి ఎక్కువ రోజులు ఆగుతుంది. ఎంత తవ్వాలో అంచనా కాగితంలో ఉంటుంది గానీ, ఎక్కడ ఆపాలో మట్టి పిసికి చూసేవాళ్లకే తెలుస్తుంది. నల్ల ఒండ్రు వేళ్లకు జిగటగా అంటుతుంది. అది పోయి గరుకు మొరం తగిలిందా, ఆపాల్సిందే. ఆ జిగట పొర తెగితే చెరువులో నీళ్లు నిలవవు. బావుల్లో ఊట పెరుగుతుంది కదా అంటారు కొందరు. నిజమే, కానీ తూము కింద నాటేసిన రైతు పంట ఎండుతుంది.

మావి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి నీళ్లే కిందిచెరువుకు ఆధారం. ఒకచోట కిందిచెరువు పూడిక ఎంత తీసినా నీళ్లు చేరలేదు. నడిమి కాలువను సర్కారు తుమ్మ కమ్మేసింది, కొంతమేర ఆనవాలే లేదు. అది ఏ బండ పక్కన మలుపు తిరిగేదో నీరడి ఇంటి ముసలామె నడిచి చూపించింది. ఆమె చెప్పిన దారినే తవ్వించాం. తర్వాతి వానలకు నీళ్లు దిగాయి.

ఇప్పుడు నీరడుల పిల్లలు పట్నంలో ఆటోలు నడుపుకుంటున్నారు. చాలా తూముల దగ్గర మనిషి లేడు. చెరువుకొక నీరడిని జీతమిచ్చి పెట్టాలని అడుగుతూనే ఉన్నాను. అందాకా, అంచనాలు వేసే కొత్త ఇంజనీర్లు వానలకు ముందే ఊరి ముసలివాళ్లను వెంటబెట్టుకుని, పైచెరువు మత్తడి నుంచి కిందిచెరువు తూము దాకా నడవాలి.