బాటసారులమే, కానీ ముసాఫిర్లం కాము

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమైనదో చూడమని దివ్య ఖుర్‌ఆన్ మానవునికి పదేపదే ఉపదేశిస్తుంది. ఈ మాట వినగానే మన మనసు దూరదేశాలకు పరుగెడుతుంది. 1325లో టాంజియర్ నుండి హజ్ సంకల్పంతో బయలుదేరిన ఇబ్నె బతూతా గుర్తుకు వస్తాడు. అయితే గుణపాఠం నేర్చుకోవలసిన స్థలాలు మన ఊరి పొలిమేర దాటగానే కూడా ఉన్నాయి. ఈ సంక్రాంతి సెలవులలో చెవిటికల్లుకు చెందిన మేము ఆరుగురు మిత్రులం పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో నాలుగు రోజులు సైకిళ్ళపై తిరిగి వచ్చాము.

ముగ్గురు ప్రయాణమైనా తమలో ఒకరిని అమీరుగా నియమించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. మాలో ఇద్దరం మదర్సా ఉపాధ్యాయులమైనా, ఆ బాధ్యతను సైకిల్ షాపు నడిపే మిత్రునికి అప్పగించాము. ఎంత దూరానికి ఆగాలో, ఏ చక్రానికి గాలి తగ్గిందో ఆయనకు తెలిసినట్లు మాకు తెలియదు. గాలి పంపు, పంక్చర్ సామాను, రెండు ట్యూబులు ఆయన క్యారియర్ మీద. టార్పాలిన్ పట్టాలు, దుప్పట్లు, బియ్యం, పప్పు మిగిలిన సైకిళ్ళ మీద.

కంచికచర్ల చేరేసరికి జుహర్ వేళ అయింది. మాలో చిన్నవాడు అడిగాడు: “మౌలానా, నాలుగు రోజుల ప్రయాణం కదా! ఖస్ర్ చేద్దామా?”

చాలా కుటుంబాలలో తలెత్తే సందేహమే ఇది. మేము అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, నివాసం నుండి 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరాన ఉన్న గమ్యాన్ని సంకల్పించి ఊరు దాటినవాడే ముసాఫిర్. మా గమ్యం జగ్గయ్యపేట. దూరం సుమారు 50 కిలోమీటర్లు. రానూపోనూ కలిపి లెక్కించరు. ఎన్ని రోజులు తిరిగామన్నదీ లెక్కకు రాదు. కనుక జుహర్, అసర్, ఇషా నాలుగేసి రకాతులూ పూర్తిగా చేయవలసిందే. లోకాచారంలో ప్రయాణమనిపించుకొన్నదే ప్రయాణమని చెప్పిన ఇబ్నె తైమియా వంటి పండితులూ ఉన్నారు. కానీ కాళ్ళు నొప్పి పుట్టిన రోజున ఒక అభిప్రాయాన్నీ, మరునాడు మరొక అభిప్రాయాన్నీ ఎంచుకోవడం ధర్మాన్ని అనుసరించడం కాదు.

తొలి మజిలీ పరిటాల. ఒకప్పుడు ఇది వజ్రాల నేల. చుట్టూ ఉన్న ప్రాంతమంతా ఆంగ్లేయుల వశమైనా, గనుల కోసం ఈ ఊరినీ పరిసర గ్రామాలు కొన్నింటినీ నిజాం తన చేతిలోనే ఉంచుకొన్నాడు. చివరకు 1947లో ఇక్కడి ప్రజలు నిజాం పాలన మాకు వద్దని, తమది స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకొన్నారు. వజ్రాలూ పోయాయి, రాజ్యమూ పోయింది. ఇప్పుడు కంటికి కనబడేవి పత్తి, మిర్చి చేలు.

రాత్రివేళ దారి మీద విడిది చేయవద్దని ప్రవక్త (స) వారించారు. లారీలు తెగకుండా నడిచే హైదరాబాదు రహదారి పక్కన నిలబడితే ఆ వారింపు విలువ తెలుస్తుంది. పరుల పొలంలో అనుమతి లేకుండా దిగడమూ, నమాజు చేయడమూ తగదు. ఒక రైతును అడిగాము. “పడుకోండి సాయిబుగారూ, దానికేముంది! గడ్డివాము దగ్గర మాత్రం పొయ్యి పెట్టవద్దు” అన్నాడు. పొయ్యిని దూరంగా పెట్టుకొన్నాము. ఉదయం బూడిదపై నీళ్ళు చల్లి, చెత్త ఏరి సంచిలో వేసుకొని కదిలాము. ఆయన వచ్చి చూసి, పాలచెంబు మా చేతిలో పెట్టాడు.

రెండవ రోజు కీసర వద్ద మునేరు దాటాము. జనవరిలో సన్నగా పారే ఈ ఏరే 2023 జూలైలో ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి పొంగి, విజయవాడ–హైదరాబాదు రాకపోకలను ఆపివేసింది. ఆ రాత్రి నందిగామలో గడిపాము. మోకాలి నొప్పి ముదిరిన ఒక మిత్రుడు అక్కడ కూర్చొని నమాజు చేశాడు. అనారోగ్యానికి ఆ వెసులుబాటు ఉంది. అయినా ఆయన రకాతులు నాలుగే.

మూడవ రోజు జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట కట్టించిన పట్టణమిది. సమీపంలోని ధనంబోడు వద్ద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని శాసనాలు అక్కడే దొరికాయి. చెక్కడపు రాళ్ళు కొన్ని చెన్నై మ్యూజియంకు తరలిపోయాయి. ఆ రాజు పేరు నేడు రాళ్ళ మీద మిగిలి ఉంది.

ఆ సాయంత్రం చిన్నవాడు మరొక ఉపాయం చెప్పాడు: “సూర్యాపేటకు సంకల్పం చేసుకొని, మధ్యలో వెనక్కి తిరిగితే?” అందరం నవ్వాము, అమీరు నవ్వలేదు. “వెళ్ళే ఉద్దేశమే లేనప్పుడు దాన్ని సంకల్పమంటారా తమ్ముడూ? మనం మోసం చేసేది ఎవరిని?” అన్నాడు. ఏళ్ళ తరబడి పాఠశాలలో మేము చెప్పే నియ్యత్ పాఠాన్ని ఆయన రెండు మాటలలో చెప్పాడు.

ఖస్ర్ అలసటకు కూలి కాదు. అది తన దాసులకు అల్లాహ్ ప్రసాదించిన దానమని ప్రవక్త (స) తెలిపారు. రైలు బెర్తుపై హాయిగా పడుకొని ఢిల్లీ వెళ్ళేవానికీ అది వర్తిస్తుంది. 50 కిలోమీటర్లు చెమటోడ్చి తొక్కినవానికి వర్తించదు. ఇచ్చే దాత హద్దు నిర్ణయించినప్పుడు, పుచ్చుకొనేవాడు దాన్ని జరుపుకోరాదు.

పిల్లలతో సెలవులకు బయలుదేరే పాఠక సోదర సోదరీమణులు ముందుగా గమ్యం ఎంత దూరమో లెక్కించుకోవాలి, తమ మస్జిద్ ఇమామ్‌ను అడిగి తెలుసుకోవాలి, ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలి. దిగిన చోటును శుభ్రంగా విడిచి రావాలి. అల్లాహ్ మన ప్రయాణాలను శుభప్రదం చేయుగాక! ఆమీన్.