వడపళని వెన్నెల

విజయా వారి వెన్నెల చూడాలంటే ఎక్కడికెళ్ళాలి? ఊటీకా, కొడైకెనాల్‌కా? అంత దూరం అక్కర్లేదండీ. చెన్నై సెంట్రల్లో దిగి మెట్రో రైలెక్కితే, మధ్యలో బండి మారే పని కూడా లేకుండా వడపళనిలో దింపేస్తుంది.

దిగాక మాత్రం వెన్నెల కోసం ఆకాశం వంక చూడకండి. ఆర్కాడు రోడ్డు మీద అలా చూస్తూ నడిస్తే ఆటో కింద పడతారు! మన పెద్దవాళ్ళు ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకున్న విజయా-వాహినీ స్టూడియో ఇక్కడే వుండేది. ఇప్పుడా జాగాలో ఆస్పత్రి వుంది, 2013లో తెరిచిన షాపింగ్ మాల్ వుంది. మాల్ పేరులో ‘విజయ’ అలాగే నిలిచింది. అందులో సినిమా హాళ్ళు కూడా వున్నాయి. సినిమాలు తీసిన చోట ఇప్పుడు చూస్తున్నారన్నమాట. అన్నట్టు, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో మొదలెట్టిన ‘చందమామ’ పత్రిక కూడా చాలా ఏళ్ళు ఈ వడపళని నుంచే వచ్చేది. ఒకే పేటలో రెండు చందమామలు, ఒకటి కాగితం మీద, ఇంకొకటి తెర మీద!

నవంబరులో వెళ్ళాను. నా స్నేహితుడొకడు అక్కడే ఓ మేడమీద గదిలో వుంటాడు. ఎడిటింగ్‌లో అసిస్టెంటు. చేతిలో పని వున్న నెల కంటే లేని నెలలే ఎక్కువ. అయినా హైద్రాబాద్ రారా అంటే రాడు. ‘‘సావిత్రి నడిచిన వీధి వదిలి ఎక్కడికి రానురా?’’ అంటాడు. పిచ్చి అనుకోండి, భక్తి అనుకోండి.

ఆ సాయంత్రం మాల్‌లో కొత్త సినిమాకి పోదామనుకున్నాం. చెన్నై నవంబరు వాన మీకు తెలుసుగా! మోకాటి లోతు నీళ్ళు. గడప దాటే వీల్లేదు. కిందికొట్టు నుంచి ఇడ్లీ పొట్లాలు, వేయించిన వేరుశనక్కాయలు తెచ్చుకుని తలుపేసుక్కూర్చున్నాం. వాడు గోడకి ఆనించిన పాత టీవీలో ‘మిస్సమ్మ’ పెట్టాడు.

1955 సినిమా. ఎన్నిసార్లు చూసి వుంటాం చెప్పండి! కానీ ఆ గదిలో చూస్తుంటే వేరుగా వుంది. అప్పాపురం అనే ఊరు మ్యాపులో ఎక్కడుందో ఏమో గానీ, తెర మీద మనం చూసే అప్పాపురం ఈ రోడ్డు పక్కనే పుట్టింది. జమీందారు ఎస్.వి. రంగారావు ఇల్లు, పెరడు, ఆ వెన్నెల, అన్నీ. వెన్నెల మాత్రం మార్కస్ బార్ట్‌లీ గారి చలవ. దీపాలతో ఆయన చల్లిన వెన్నెల ముందు అసలు వెన్నెల వెలవెలబోతుందంటే అతిశయోక్తి కాదు. చంద్రుణ్ణి పిలుస్తూ రామారావు, సావిత్రి పాడే పాట దగ్గర మావాడు గదిలో లైటు ఆర్పేశాడు. బయట ఉరుములు, లోపల వెన్నెల!

కథానాయికగా మొదట భానుమతి గారిని పెట్టుకుని కొన్ని రీళ్ళు తీశారు. ఆ తర్వాత ఆ పాత్ర సావిత్రికొచ్చింది. ‘దేవదాసు’గా ఏడిపించిన అక్కినేని ఇందులో డిటెక్టివు వేషంలో భూతద్దం పట్టుకు తిరుగుతాడు. పేరున్న హీరో అలాంటి వేషం ఒప్పుకోవడం ఈ రోజుల్లో వూహించగలమా?

నవ్వుతున్నాం, నవ్వుతున్నాం, ఉన్నట్టుండి మావాడు అన్నాడు: ‘‘ఒరేయ్, వీళ్ళిద్దరూ ఎందుకు మొగుడూ పెళ్ళాల్లా నటిస్తున్నారో ఆలోచించావా? ఉద్యోగం కోసం! కడుపు కోసం!’’

నిజమే సుమండీ. భార్యాభర్తలైన బి.ఏ.లే కావాలంటారు జమీందారుగారు. బి.ఏ.లే గాని దంపతులు కాని ఇద్దరు నిరుద్యోగులు ఆ అబద్ధానికి సిద్ధపడతారు. మేరీ మెడ మీద డేవిడ్ అప్పు కత్తిలా వేలాడుతోంది. ఆ అప్పే లేకపోతే అన్ని సరదాలూ లేవు, ఆ వెన్నెలా లేదు. మా వాడికీ అంతే. ఇల్లు వెతికేప్పుడు ‘‘పెళ్ళయిందా?’’ అనే ప్రశ్నకి ‘‘లేద’’ని చెప్పి నాలుగు వాటాలు పోగొట్టుకున్నాడట. ఐదో చోట ‘‘నిశ్చయమైంద’’ని చెప్పాడు. పిల్లెవరో వాడికే తెలీదు!

అంతలో మెట్ల మీద చప్పుడు. హౌస్ ఓనరమ్మ! రెండు నెలల అద్దె బాకీ. మావాడు టీవీ కట్టేయబోయాడు గానీ, ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి, తడిసిన గొడుగు ముడుస్తూ తెర వంక చూస్తోంది.

‘‘ఇది మా మిస్సియమ్మ కదా తంబీ!’’ అంది.

‘‘కాదమ్మా, మా మిస్సమ్మ’’ అన్నాడు వీడు, అద్దె సంగతి కూడా మరిచి.

‘‘మాదాన్లో జెమినీ గణేశన్. మీకేడి?’’

‘‘మాకు రామారావు!’’

సావిత్రి దగ్గర ఇద్దరూ రాజీ పడ్డారు. రెండు భాషల్లోనూ సావిత్రే కదా మరి. ఓనరమ్మకి కుర్చీ వేశాం, ఇడ్లీ పెట్టాం. వద్దంటూనే తింది. ఆవిడకి తెలుగు సగమే అర్థమవుతుంది. అయినా రేలంగి తెరమీది కొచ్చినప్పుడల్లా మాకంటే ముందు ఆవిడే నవ్వేది. కాలి మచ్చ చూసి మేరీయే మహాలక్ష్మి అని తేలే దగ్గర కొంగుతో కళ్ళొత్తుకుంది. పాటలన్నీ ఆవిడ తమిళంలో, వీడు తెలుగులో కూనిరాగం తీశారు, శ్రుతి మాత్రం ఎవరిది వారిదే.

సినిమా అయ్యేసరికి పదకొండు దాటింది. వాన తగ్గింది. గొడుగు తీసుకుని మెట్లు దిగబోతూ ఆగి అడిగింది ఓనరమ్మ:

‘‘పెళ్ళి ఎప్పుడు తంబీ? అమ్మాయిని ఒకసారి చూపించు.’’

వీడు నా వంక చూశాడు. నేను వేరుశనక్కాయల పొట్లం వంక చూశాను.

‘‘సరే, అద్దె అయిదో తారీకుకి’’ అని దిగిపోయింది.